ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోవద్దు

డ్రైవరమ్మ పని డ్రైవర్లు రాయడం. పెళ్లయిన కొత్తలో ఈ మాట విన్న అత్తగారు, కోడలి కింద బోలెడుమంది కారు డ్రైవర్లు పనిచేస్తారని, ఏ బండి ఎవరు ఎక్కాలో ఈమె కాగితం మీద రాసి పెడుతుందని చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోయింది. అసలు సంగతి తెలిశాక, పెద్దాసుపత్రిలో నర్సుగా చేసే ఆడపడుచు కడుపు పట్టుకుని నవ్వి, మరదలికి ఆ పేరే ఖాయం చేసేసింది. పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఇప్పుడు ఇంట్లోనే కాదు, ఆఫీసులో కూడా ఆమె అసలు పేరు ఎవరికైనా గుర్తుందో లేదో అనుమానమే.

ఆమె రాసే డ్రైవర్లు యంత్రాల్లో ఉంటాయి. యంత్రంలో ఉండే బుర్రకీ, చేతులూ కళ్లూ లాంటి దాని విడిభాగాలకీ మధ్య నిలబడి మాట చేరవేసే చిన్న ప్రోగ్రాములవి. బుర్ర మహా తొందరమనిషి. ప్రశ్న అడిగిన మరుక్షణం జవాబు చేతిలో పెట్టమంటుంది. విడిభాగాలు అలా కాదు. వాటికి నిద్ర లేవాలి, ఒళ్లు విరుచుకోవాలి, కాస్త కుదురుకోవాలి. అందుకని డ్రైవరమ్మ రాసేదాంట్లో సగం ఒకటే మాట: ఆగు. ఇంతసేపు ఆగు, ఇప్పుడు అడుగు, మళ్లీ ఆగు. ఎంతసేపు ఆగాలన్నదే ఎప్పుడూ తంటా. తక్కువ ఆగితే తప్పు జవాబు వస్తుంది, ఎక్కువ ఆగితే మేనేజరు వస్తాడు.

ఆ మేనేజరుకి అరసెకను సారని పేరు. మీట నొక్కిన అరసెకనులో తెర మీద అంకె పడాలని ఆయన పట్టుదల. ఎందుకు అరసెకనే అంటే జవాబుండదు. ఆయన ధర్మమా అని ఆఫీసులో 'ఆగు' అని రాయాలంటే అందరూ జంకేవారు. దానికి విరుగుడుగా యంత్రాల లోపలి బోర్డులు తయారుచేసే టంకం పెద్దాయన ఒక పద్ధతి పెట్టాడు. ప్రోగ్రాములో ప్రతి 'ఆగు' పక్కనా రెండు ముక్కలు రాయాలి: ఎందుకు ఆగాలి, ఆ సంగతి ఎవరు చెప్పారు. ఆ రెండూ లేనిదాన్ని ఆయన దిక్కులేని అంకె అనేవాడు. డ్రైవరమ్మ మొదట్లో ఆ పద్ధతిని నెత్తిన పెట్టుకుంది. తర్వాత్తర్వాత, ఏడాదికి ఆరు యంత్రాల చొప్పున మీద పడుతుంటే, విడిభాగంతో వచ్చే వివరాల పుస్తకం తిరగేసి, 'పుస్తకం చూసి' అని రాసి ఊరుకోవడం అలవాటైంది.

ఆ బుధవారం పొద్దున ఆమె టిఫిను ముందు కూర్చుని, ఎన్ని గంటలు పడుకున్నా ఈ నడుంనొప్పి ఎందుకు పోదా అని ఆలోచిస్తోంది. భర్త ఫోన్ పెట్టేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. 

"అక్క మీద విచారణట. రేపు, పదహారో తారీఖున, పదకొండింటికి."

"వదిన మీదా? ఎందుకు?"

"పిల్లల్ని తూచకుండానే తూచినట్టు రాసిందట. రిజిస్టర్లో పక్కపక్కన ఇద్దరు పిల్లలకి ఒకటే బరువు ఉందట, గ్రాము తేడా లేకుండా. రెండో పాపకి ఆ బరువు లెక్కన మందు ఎక్కించారు. ఎక్కువైంది."

"పాపకి..."

"ఒకరోజంతా మగతగా పడి ఉందట. ఇప్పుడు బానే ఉంది, పాలు తాగుతోంది. కానీ అక్క ఉద్యోగం మాత్రం దక్కేలా లేదు. తూచలేదని రుజువైతే ఇరవై రెండేళ్ల సర్వీసు గంగలో కలిసినట్టే." ఆయన ఆమె వైపు తిరిగాడు. "అది మీ కంపెనీ మెషీనే కదా?"

డ్రైవరమ్మ చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసింది. అది వాళ్ల కంపెనీదే. చంటిపిల్లల బరువు చూసే ఆ మెషీన్‌కి డ్రైవరు రాసింది తనే. పెద్దాసుపత్రిలో అప్పుడే పుట్టిన పిల్లల వార్డుకి దాన్ని పంపినప్పుడు, మా వదిన చేతికే వెళ్తోందని అందరికీ గొప్పగా చెప్పుకుంది కూడా.

మెషీన్ వెళ్లిన కొన్నాళ్లకి వదిన ఫోన్ చేసింది. ఆ రోజు జూన్ నాలుగు. ఆ రోజే మరో యంత్రం గడువు కాబట్టి తేదీ గుర్తుంది. "డ్రైవరమ్మా, నీ మెషీన్ మొదటిసారి అబద్ధం చెప్తోందే. రెండోసారి నొక్కితే నిజం చెప్తోంది. కాస్త చూడవూ?" అంది. డ్రైవరమ్మ ఆ ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో టైపు చేసుకుంటూ, "బిడ్డ కదిలి ఉంటుంది వదినా" అంది. వదిన, "ఏమో, మరి" అని పెట్టేసింది. ఆ మాట డ్రైవరమ్మ చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. మర్నాటికి మరిచిపోయింది.

ఆఫీసుకి వెళ్తూనే ఆమె బీరువాలోంచి ఒక మెషీన్ తీసి బల్లమీద పెట్టి ఆన్ చేసింది. నీళ్ల సీసా పెట్టి మీట నొక్కింది. వెయ్యిన్నీ నలభై గ్రాములు. తీసి నిఘంటువు పెట్టింది. పద్దెనిమిది వందల డెబ్బై. మళ్లీ సీసా, మళ్లీ నిఘంటువు. పన్నెండయ్యేసరికి రెండొందలసార్లు తూచింది. ఒక్కసారీ తప్పు రాలేదు. పిల్లలు కదిలితే అంకె ఊగకుండా ఆ మెషీన్ మొదట చూసిన బరువునే పట్టేసి తెరమీద నిలబెడుతుంది. అది పట్టిన ప్రతి అంకే సరిగ్గానే ఉంది.

తర్వాత ఆమె కేకలు పెట్టించింది. ప్రోగ్రాము ప్రతి అడుగులోనూ తను ఏం చేస్తోందో బయటికి చెప్పుకుంటూ పోయేలా రాసే వరుసల్ని వాళ్ల ఆఫీసులో కేకలంటారు. ఇప్పుడు నిద్ర లేపుతున్నాను, ఇప్పుడు అంకె అడుగుతున్నాను, ఇంత వచ్చింది అంటూ తప్పెక్కడుందో పట్టించేవి అవే. సరుకు బయటికి పంపేముందు వాటన్నిటినీ తీసేయాలని నియమం. మెషీన్ ఒక సన్నని తీగమీద బుద్ధిగా కేకలు పెట్టుకుంటూ తూచింది. అప్పుడూ తప్పు లేదు.

డ్రైవరమ్మకి ఏడుపొచ్చింది. తప్పు కనపడనందుకు సంతోషించాలో, కనపడితే బాగుండునని మొక్కుకోవాలో తెలియలేదు. తన రాతలో తప్పు లేకపోతే వదిన తూచకుండా రాసినట్టు లెక్క. వదిన అలాంటి మనిషి కాదు. ఇంట్లో కూరకి ఉప్పు కూడా చెంచా అంచు గీసి మరీ వేసే మనిషి. కేకలు తీసేసి, మెషీన్‌ని అలాగే వదిలేసి టీ తాగడానికి వెళ్లింది. వంటగది కిటికీ దగ్గర నిలబడి టీ చల్లారేదాకా తాగడం మరిచిపోయింది.

తిరిగొచ్చి, చేతికందిన సీసాని అన్యమనస్కంగా మెషీన్ మీద పెట్టి మీట నొక్కింది.

పద్దెనిమిది వందల డెబ్బై.

అది నిఘంటువు బరువు. టీకి వెళ్లేముందు చివరగా తూచింది దాన్నే. ఆమె మళ్లీ మీట నొక్కింది. వెయ్యిన్నీ నలభై. మొదటిసారి అబద్ధం, రెండోసారి నిజం. వదిన చెప్పింది చెప్పినట్టు, అక్షరం పొల్లుపోకుండా కళ్లముందుంది.

కాసేపటికి అంతా తేలిపోయింది. బ్యాటరీ ఆదా కావాలని, ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే తూకం చిప్పు నిద్రపోయేలా పెట్టారు. నిద్రలేచిన చిప్పుకి కుదురుకోవడానికి నాలుగు వందల మిల్లీసెకన్లు పడుతుంది. ఆలోగా అడిగితే పడుకునేముందు చివరగా చూసిన అంకెనే చేతిలో పెడుతుంది. డ్రైవరమ్మ రాసింది యాభై. ఆఫీసులో ఎవరూ ఏ వస్తువునీ ఐదు నిమిషాలు ఊరికే ఉండనివ్వరు కాబట్టి చిప్పు పడుకున్నదే లేదు. వార్డులో అలా కాదు. ఒక బిడ్డని తూచి, పాలు పట్టి, బట్టలు మార్చి, ఇంకో బిడ్డని తెచ్చేసరికి అది హాయిగా నిద్రపోయేది. కొత్త బిడ్డకి పాత బిడ్డ బరువు చెప్పేది.

మరి తయారీ రోజుల్లో ఎందుకు దొరకలేదు? ఆమె కేకలు మళ్లీ పెట్టించి, ఐదు నిమిషాలాగి తూచింది. సరైన అంకె వచ్చింది. తీసేసి, ఐదు నిమిషాలాగి తూచింది. తప్పు. అప్పుడు చూసుకుంది. నిద్ర లేపడానికీ అంకె అడగడానికీ మధ్య పెట్టిన కేక చాలా పొడుగు. ఆ సన్నని తీగమీద అదంతా బయటికి పోవడానికే మూడొందల అరవై మిల్లీసెకన్లు పట్టేది. తను రాసిన యాభై కాదు, ఆ కేకే ఇన్నాళ్లూ మెషీన్‌ని ఆపి ఉంచింది. బయటికి పంపేముందు నియమం ప్రకారం కేకలన్నీ శుభ్రంగా తీసేసింది. దాంతోపాటు ఆగడమూ పోయింది.

టంకం పెద్దాయన వచ్చి కళ్లజోడు నుదుటిమీదికి నెట్టుకుని చూశాడు. "యాభై ఎక్కడిదమ్మా?"

"పుస్తకంలో ఉంది సార్."

"పుస్తకంలో రెండంకెలుంటాయి. వేగంగా నడిపితే యాభై, నిలకడగా నడిపితే నాలుగొందలు. పిల్లలు కదులుతారు కదా అని నేను బోర్డు నిలకడ వైపు కట్టాను. చిప్పు నిద్ర లేచానని చెప్పే తీగ ఒకటుండాలి, బోర్డు మీద చోటు లేదని అదీ కలపనివ్వలేదు సారు." ఆయన తెరమీద ఆ వరుస పక్కన రాసింది చదివాడు. ఎందుకు అన్నచోట 'పుస్తకం చూసి' అని ఉంది. ఎవరు చెప్పారన్నచోట ఏమీ లేదు. ఆయన ఇంకేం అనలేదు. అనకపోవడమే ఆమెకి తల తీసేసినట్టయింది.

అరసెకను సారు మాత్రం చాలా అన్నాడు. తలుపు వేసి మరీ అన్నాడు. "సరిచేసి కొత్త ప్రోగ్రాము పంపిద్దాం, అన్ని ఆసుపత్రులకీ. మామూలుగా పంపే మెరుగుల్లో ఒకటని చెబుదాం. రేపటి విచారణ వాళ్ల ఇంటి వ్యవహారం. మనమెందుకు తలదూర్చడం?"

"మా వదిన సార్."

"అందుకే చెప్తున్నా. నువ్వెళ్తే బంధువు కాబట్టి వెనకేసుకొచ్చిందంటారు. ఎవరూ నమ్మరు."

ఆయనతో పోట్లాడే ఓపిక డ్రైవరమ్మకి లేదు. ఆ ఓపిక ఉండుంటే పుస్తకంలో చిన్న అంకె కనపడగానే అదే రాసి ఊరుకునేది కాదు. తన బల్ల దగ్గరికి వెళ్లి మర్నాటికి సెలవు చీటీ రాసింది. కారణం అన్నచోట 'ఇంటి పని' అని పెట్టింది.

ఆసుపత్రిలో విచారణ గది నిండా పాత ఫైళ్ల వాసన. బల్లకి అటువైపు సూపరింటెండెంటు, మేట్రను, రాసుకోవడానికో గుమాస్తా. ఇటువైపు వదిన. ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫారంలో నిటారుగా కూర్చుంది. మరదల్ని చూసి తల కూడా ఊపలేదు. వార్డులో మెషీన్‌నే తెచ్చి బల్లమీద పెట్టించింది డ్రైవరమ్మ. దాన్ని తయారుచేసిన మనిషినని చెప్పుకుంది. నర్సుగారికి మరదల్నని కూడా చెప్పింది.

మెషీన్ ఆన్ చేసి, వాళ్ల రిజిస్టరే తీసి దానిమీద పెట్టి నొక్కింది. పద్దెనిమిది వందల తొంభై. "ఇప్పుడు ఐదు నిమిషాలు దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు సార్."

సూపరింటెండెంటు అప్పటికే నీళ్ల సీసా తీసి పెట్టేశాడు. తొమ్మిది వందల అరవై. "సరిగ్గానే చెప్తోందిగా!"

"మెలకువగా ఉంటే సరిగ్గానే చెప్తుంది సార్. నిద్రపోతేనే సమస్య. అందుకే ఆగమంటున్నాను."

మళ్లీ రిజిస్టరు తూచి తీసేసింది. అందరూ కూర్చున్నారు. ఐదు నిమిషాలు ఎంత పొడుగో పద్దెనిమిదేళ్లుగా సెకనుని వెయ్యి ముక్కలు చేసి బతుకుతున్న డ్రైవరమ్మకి ఆ రోజే తెలిసింది. మొదటి నిమిషంలో మేట్రను పెన్ను మూత తీసి పెట్టింది. రెండో నిమిషంలో గుమాస్తా ఆవలించాడు. మూడో నిమిషంలో సూపరింటెండెంటుకి ఫోనొచ్చింది, వస్తున్నానని చెప్పి పెట్టేశాడు. నాలుగో నిమిషంలో ఏం తోచక, చేతికి అందుబాటులో ఉన్న మీటని టక్కున నొక్కేశాడు. తెరమీద సున్నా వెలిగింది.

"అయ్యో! లేపేశారు సార్. మళ్లీ మొదటినుంచి..."

"నాకు రౌండ్లున్నాయమ్మా. యంత్రం నిద్రపోవడమేంటి, మేం కాపలా కాయడమేంటి? అంతా చూశాంగా." ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

డ్రైవరమ్మ చేతిలోకి తీసుకున్న రిజిస్టరుని మళ్లీ బల్లమీద పెట్టేసింది. అంతా అయిపోయిందనుకుంది. అప్పుడు వదిన మొదటిసారి నోరు విప్పింది. గొంతు పెంచలేదు.

"ఇరవై రెండేళ్లలో మీరు రమ్మన్నప్పుడల్లా వచ్చాను సార్. సెలవులోంచీ వచ్చాను, జ్వరంతోనూ వచ్చాను. నాకోసం ఒక్క ఐదు నిమిషాలు కూర్చోండి."

ఆయన తలుపు వైపు చూశాడు, మేట్రను వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఆయన కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. రిజిస్టరు మళ్లీ తూచి తీశారు. ఈసారి ఎవరూ కదల్లేదు. కిటికీ బయట ఎవరో చక్రాల మంచం తోసుకుంటూ వెళ్లిన చప్పుడు దగ్గరికొచ్చి దూరమైంది. ఆరు నిమిషాలయ్యాక డ్రైవరమ్మ సీసాని మెల్లగా పెట్టి, "మీరే నొక్కండి సార్" అంది.

పద్దెనిమిది వందల తొంభై.

"ఇంకోసారి నొక్కండి."

తొమ్మిది వందల అరవై.

 మేట్రను నెమ్మదిగా అంది: "మొదటిసారి అబద్ధం, రెండోసారి నిజం అని నాతో కూడా అంది సార్. పని తగ్గించుకోడానికి సాకనుకున్నాను."

"ఇది నేను రాసిన తప్పు సార్," అంది డ్రైవరమ్మ.  "నాలుగు వందలు ఆగాల్సిన చోట యాభై ఆగమన్నాను. మా వదిన ఇద్దర్నీ తూచింది. మెషీనే రెండో పాపకి మొదటి పాప బరువు చెప్పింది. ఆవిడ జూన్ నాలుగునే నాకు ఫోన్ చేసి చెప్పింది. నేను వినలేదు. ఇది రాసుకోండి." గుమాస్తా సూపరింటెండెంటు వైపు చూశాడు. ఆయన తలూపాడు. గుమాస్తా రాసుకున్నాడు.

బయట వరండాలో వదిన గోడకి చేరగిలబడి కళ్లు మూసుకుంది. ఉద్యోగం నిలిచింది. నవ్వుతుందనో, కౌగిలించుకుంటుందనో డ్రైవరమ్మ ఎదురుచూసింది. అలాంటిదేం జరగలేదు.

"నువ్వు తప్పు రాశావని కాదే నాకు బాధ," అంది వదిన కళ్లు తెరవకుండానే. "తప్పులు ఎవరైనా చేస్తారు. రెండుసార్లు నొక్కాలని తెలిసీ ఆ రోజు నేనొక్కసారే నొక్కాను, ముప్పైమంది పిల్లలున్నారని. అది నా తప్పు, ఆ పాప మొహం నేను మరిచిపోను. కానీ బిడ్డ కదిలి ఉంటుందన్నావు చూడు. ఇరవై రెండేళ్లుగా పిల్లల్ని ఈ చేతులతో పట్టుకుంటున్నదాన్ని. బిడ్డ కదిలిందో లేదో నాకు తెలియదా?"

 డ్రైవరమ్మ క్షమించమని అడిగింది. వదిన ఆమె భుజం మీద ఒకసారి చెయ్యేసి తీసేసి, "వార్డులో పిల్లలు ఎదురుచూస్తున్నారు" అని వెళ్లిపోయింది. ఆ నడకలో ఎంత అలసటుందో వెనకనుంచి చూస్తే గానీ తెలియలేదు.

సెలవు రోజే అయినా డ్రైవరమ్మ అటునుంచి అటే ఆఫీసుకి వెళ్లింది. యాభై కొట్టేసి, కాస్త ఊపిరి సలిపేలా నాలుగు వందల యాభై అని రాసింది. ఎందుకు అన్నచోట 'చిప్పు నిద్ర లేచి కుదురుకోవాలి' అని రాసింది. ఎవరు చెప్పారన్నచోట చాలాసేపు ఆగి, ఇలా రాసింది:

మా వదిన, పిల్లల వార్డు నర్సు. చెప్పిన తేదీ జూన్ 4. విన్న తేదీ జూలై 16.

అరసెకను సారు వెనకనుంచి వచ్చి, ఆ కొత్త అంకె చూసి పెదవి విరిచాడు. తర్వాత కింది వరుస చదివాడు. "నాలుగొందల యాభై అయితే అలాగే ఉంచు. ఈ తేదీలెందుకు? తీసెయ్" అన్నాడు.

ఆమె తీయలేదు.